పటాలం ఇంటి బిడ్డ భీమాబాయి



పోయిన భాగంలో రాంజీ సక్పాల్ గురించి రాశాను కదా. అది చదివిన మా విద్యార్థిని ఒకమ్మాయి క్లాసయ్యాక ఆగి అడిగింది: "సార్, వాళ్ల నాన్న సుబేదార్ అని రాశారు. మరి వాళ్లమ్మ ఏం చేసేది?" ఏటా ఏప్రిల్ 14న మైకు పట్టుకునే నాకు ఆ క్షణంలో నోట్లోకి వచ్చింది ఒక్క వాక్యమే. "చిన్నప్పుడే చనిపోయింది తల్లీ." ఆ అమ్మాయి అడిగింది ఎలా చనిపోయిందని కాదు, ఏం చేసేదని. అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

భీమాబాయి మిలట్రీ మనిషిని పెళ్లి చేసుకోవడానికి ముందే మిలట్రీ ఇంటి బిడ్డ. పుట్టిల్లు ఠాణా జిల్లా ముర్బాద్. తండ్రీ, ఆయన అన్నదమ్ములు ఆరుగురూ సైన్యంలో సుబేదార్ మేజర్లేనని ధనంజయ్ కీర్ 1954లో తెచ్చిన జీవిత చరిత్రలో ఉంది. సుబేదార్ మేజర్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ రోజుల్లో దేశీయ సైనికుడు పటాలంలో ఎక్కగలిగిన ఆఖరి మెట్టు అది. దాని పైనంతా తెల్లవాళ్లే. ఊళ్లోకి వస్తే నీడ కూడా తగలకూడదన్న మహర్ కులంలో, ఒక్క ఇంట్లో ఏడుగురు ఆ మెట్టు మీద నిలబడ్డారు. మరి 'అంటరానివాళ్లకు చదువెక్కడిది, క్రమశిక్షణ ఎక్కడిది' అని ఇప్పటికీ మాట్లాడేవాళ్లు ఆ ఇంటి గడప ఎప్పుడైనా చూశారా?

కుంపిణీ సైన్యంలో సిపాయిల పిల్లలకు, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా, చదువు తప్పనిసరి అనే నియమం ఉండేది. ఇది తెల్లవాడి దయ అని నేను అనను. తుపాకీ పట్టే మనిషి ఆర్డరు చదవగలగాలి, లెక్క రాయగలగాలి. వాడి అవసరం వాడిది. కానీ ఆ అవసరం సందులోంచే మనవాళ్లు అక్షరం పట్టుకున్నారు. రాంజీ అలాగే చదువుకుని మిలట్రీ బడిలో పద్నాలుగేళ్లు హెడ్‌మాస్టరుగా చేశాడు.

అయితే పెళ్లినాటికి ఆయన హెడ్‌మాస్టరూ కాదు, సుబేదారూ కాదు. పుట్టింటితో పోలిస్తే అత్తిల్లు బీదది. భర్త ఎక్కడో పటాలంలో ఉండి పంపే డబ్బు చాలక, భీమాబాయి కొన్నాళ్లు బొంబాయి శాంతాక్రజ్‌లో రోడ్డు పనికి వెళ్లింది. రోడ్డు మీద కంకర పరిచింది. ఇదీ కీర్ పుస్తకంలోనే ఉంది, ఒక్క వాక్యంలో. ఏడుగురు సుబేదార్ మేజర్ల ఇంటి ఆడపిల్ల, కంకర తట్ట. పుట్టింటికి కబురు పెడితే గడిచేది కాదా? అయినా ఆమె పనికే వెళ్లింది. మన వాడల్లో ఇలాంటి ఆడవాళ్లను చూస్తూ పెరిగాను కాబట్టి నాకు ఇందులో ఆశ్చర్యం లేదు, గౌరవం ఉంది.

నా ఫిర్యాదు ఒకటి చెప్పాలి. భీమ్‌రావు పుట్టుక గురించి ఏ పుస్తకం తెరిచినా సన్యాసం పుచ్చుకున్న రాంజీ పెదతండ్రో చినతండ్రో మౌ దగ్గర కనబడటం, ఈ వంశంలో గొప్పవాడు పుడతాడని దీవించడం తప్పకుండా ఉంటుంది. మన కళాబృందాలు కూడా ఆ ఘట్టాన్ని పాడతాయి. సన్యాసి దీవెనకు అంత చోటిచ్చి, తల్లి మోసిన కంకరకు ఒక్క వాక్యమా? పురాణాల్లోంచి బయటపడ్డామనుకునే మనం కూడా మహనీయుడి పుట్టుకకు ఒక వరం ఉండాలని ఎందుకు అనుకుంటున్నాం?

ఆమెకు పద్నాలుగు కాన్పులు. పెరిగి పెద్దయింది అయిదుగురే: బలరాం, ఆనందరావు, భీమ్‌రావు, మంజుల, తులస. ఈ లెక్కను మనం 'పద్నాలుగో సంతానం అంబేడ్కర్' అని గబగబా చెప్పి ముందుకు పోతాం. ఒకసారి ఆగి తీసివేత చేయండి. తొమ్మిది మంది పిల్లలను పోగొట్టుకున్న తల్లి ఆమె. అదీ పటాలం ఎక్కడికి కదిలితే అక్కడికి సామాను కట్టుకుంటూ. పద్నాలుగోవాడు 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తలుపు మూసుకుంది. సైన్యాధిపతి రాబర్ట్స్ కాలంలో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం బలపడి, 1892 ప్రాంతంలో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. కోరేగావ్ స్తంభం మీద పేర్లు చెక్కించిన దొరలకే ఆ కులం ఉన్నట్టుండి యుద్ధానికి పనికిరానిదైపోయింది! మన తెలుగువాళ్లకూ ఇదే జరిగింది. 1857లో ఢిల్లీ జనం సిపాయిలను 'తిలంగాలు' అని పిలిచేవారు, కుంపిణీ తొలి పటాలాల్లో తెలుగువాళ్లు ఉండేవారు కాబట్టి. మద్రాసు సైన్యంలో మాలలూ మాదిగలూ పరయలూ పనిచేశారు. రాబర్ట్స్ అంతకుముందు అదే మద్రాసు సైన్యానికి అధిపతి. అతని కంటికి దక్షిణాది సిపాయి ఆనలేదు. ఆ తర్వాత తెలుగువాళ్లకూ భర్తీ తగ్గిపోయింది.

భర్తీ ఆగిందంటే ఉద్యోగాలు పోవడం ఒక్కటే కాదు. తండ్రి, తాత నడిచిన దారిలో కొడుకులు నడవలేరు. కూతుళ్లకు బడి ఉండదు. మూడు తరాలుగా పటాలంలో బతికిన కుటుంబం మళ్లీ ఊరి కులం చేతుల్లోకి వెళ్తుంది. భీమాబాయి జీవితంలోని చివరి నాలుగయిదేళ్లు ఆ ప్రయాణమే. రాంజీ రిటైరయ్యాడు, నెలకు 50 రూపాయల పింఛను. మౌ నుంచి దాపోలి, ఆ తర్వాత సతారా.

సతారాలో ఆ ఇంటి మగపిల్లలకు జుట్టు కత్తిరించే మంగలి లేడు. ఊళ్లో మంగళ్లు లేకనా? ఇవ్వడానికి డబ్బు లేకనా? కాదు. అక్కే తమ్ముళ్ల జుట్టు కత్తిరించేది. బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్న సంగతి ఇది.

భీమాబాయి సతారాలోనే కన్నుమూసింది. చిన్నవాడికి అప్పుడు అయిదారేళ్లు. పిల్లలను మేనత్త మీరాబాయి చూసుకుంది. తనకు తెలిసినవాళ్లలో అంత దయగల మనిషి లేదని, కానీ కాళ్ల బాధతో ఇంకొకరి సాయం లేకుండా కదలలేకపోయేదని బాబాసాహెబ్ రాశాడు. 1901లో తండ్రి దగ్గరకు వెళ్తూ మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లలు, బండి కోసం, నీళ్ల కోసం పడిన అవస్థ మీరంతా చదివే ఉంటారు. ఈసారి చదివేటప్పుడు ఒకటి గమనించండి. అది తల్లి లేని పిల్లల ప్రయాణం.

రాంజీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామె పేరు జిజాబాయి. ఆమె ఒంటి మీద తన తల్లి నగలు కనబడితే భీమ్ తట్టుకోలేకపోయాడు. ఈ ఇంట్లో ఉండను, బొంబాయి మిల్లులో పనికి పోతాను అనుకున్నాడు. దారి ఖర్చులకు అత్త నడుముకు దోపుకున్న డబ్బు సంచి కాజేయాలని వరసగా రాత్రులు మేలుకున్నాడు. నాలుగో రాత్రి చిక్కింది. అందులో ఉన్నది అర్ధణా! సిగ్గుపడి, ఆ ఆలోచన మానుకుని, పుస్తకాలు ముందేసుకున్నాడు. జిజాబాయిని నేను తప్పుపట్టను, ఆమె కూడా ఏ దిక్కూ లేక వచ్చిన ఇల్లే అయి ఉంటుంది. కానీ ఆ పిల్లవాడికి తల్లి అంటే మిగిలింది ఆ నగలే కదా.

1923లో లండన్‌లో 'ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ' అచ్చయింది. అంకితం తల్లిదండ్రులిద్దరికీ. తన చదువు కోసం వాళ్లు చేసిన త్యాగానికీ, చూపిన వివేకానికీ కృతజ్ఞతగా. చదువు విషయంలో మనమంతా రాంజీ పేరే చెబుతాం. అయిదారేళ్లకే తల్లిని పోగొట్టుకున్న కొడుకు మాత్రం ఆ లెక్కలో తల్లిని కూడా వేశాడు. ఆ ఇంట్లో ఆమె ఏం చెప్పిందో, ఏం నేర్పిందో అతనికి తెలిసే ఉంటుంది.

మన వాడల్లో మిలట్రీ తాతల రెజిమెంట్ నెంబర్లు కూడా మనవలకు నోటికి వస్తాయి. వాళ్ల భార్యలను అడగండి, 'మిలట్రీ ఆయన పెళ్లాం' అంటారు. పేరు చెప్పరు. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఆమె పేరు, ఆమె చేసిన పని కింద రాయండి.

వచ్చే భాగం మీరాబాయి గురించి. జై భీమ్.