హెర్నియా శస్త్రచికిత్స - ఫలితాల లెక్క

మానవుని పొట్టగోడలో సహజంగానే కొన్ని బలహీనమైన చోట్లు ఉన్నవి. వాటిలో ముఖ్యమైనది గజ్జ. మగశిశువు తల్లిగర్భంలో ఉండగా వృషణాలు పొట్టలోనే ఏర్పడి, గజ్జలోని ఒక సన్నని మార్గం గుండా క్రిందికి దిగుతవి. ఆ మార్గమున్న చోట గోడ పలుచన. వయస్సుతోబాటు కండరాల పట్టు సడలినప్పుడు, లేదా విడువని దగ్గువల్లనో మరొక కారణంవల్లనో లోపలి ఒత్తిడి పెరిగినప్పుడు, ప్రేగులో కొంత భాగం ఆ సందుగుండా ముందుకు పొడుచుకొని వస్తుంది. ఇదే హెర్నియా. జారిన ప్రేగు ఆ ఇరుకులో చిక్కుకొని, దానికి రక్తప్రసారం ఆగిపోయినచో ప్రాణానికే ముప్పు.

శతాబ్దాలపాటు దీనికి సాధారణమైన ఉపాయం గజ్జపై బిగించి కట్టుకొనే పట్టీ. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో మత్తుమందులు, క్రిమిరహిత పద్ధతులు వ్యాపించిన పిమ్మట శస్త్రవైద్యులు ధైర్యంగా గజ్జను కోయసాగినారు. ప్రేగును లోనికి నెట్టి, పై పొరలను కుట్టి పంపేవారు. గాయం చక్కగా మానేది. కాని ఒకటి రెండేండ్లలో చాలామందికి వాపు మళ్ళీ కనుపించేది.

ఈ స్థితిని మార్చినవాడు ఇటలీ దేశస్థుడు ఎడోర్డో బస్సీని (1844-1924). యువకుడుగా ఉన్నప్పుడు 1867లో రోమ్ సమీపాన జరిగిన పోరాటంలో ఆయనకు గజ్జలోనే బాయొనెట్టు పోటు తగిలింది. తరువాత పాడువా నగరంలో ఆచార్యుడై, 1884లో నూతన పద్ధతి ప్రారంభించినాడు. రంధ్రాన్ని పైనుండి మూయుట చాలదనీ, గోడ వెనుకభాగాన్నే తిరిగి నిర్మించాలనీ ఆయన ఆలోచన. లోపలి పొరను సైతం తెరచి, మూడు పొరలను కలిపి పట్టుదారంతో గజ్జలోని స్నాయువుకు కుట్టినాడు.

బస్సీని చేసిన రెండవ పని కూడా అంత ముఖ్యమైనదే. ఇంటికి వెళ్ళిన రోగులను వదలక, కొందరిని నాలుగున్నర ఏండ్లవరకు పరిశీలించినాడు. 1890లో ప్రకటించిన 262 శస్త్రచికిత్సలలో వ్యాధి తిరగబెట్టినవి పదిలోపే. "గాయం మానింది" అన్న మాట స్థానంలో "ఇన్నేండ్ల తరువాత ఇందరు బాగున్నారు" అన్న లెక్క వచ్చింది.

అయితే బస్సీని పేరుతో ఇతరులు చేసిన చికిత్సలు అంత చక్కగా నిలువలేదు. అనేకులు లోపలి పొరను తెరువక, పై పని మాత్రమే అనుకరించినారు. పైగా దూరంగా ఉన్న కండరాన్ని లాగి కుట్టినందున కుట్లపై నిరంతరం బిగువు పడేది. కెనడాలో ఎడ్వర్డ్ ఎర్ల్ షౌల్డిస్ బస్సీని మార్గాన్నే మెరుగుపరచినాడు. గోడను తెరచి, పొరపై పొర వచ్చేటట్లు నాలుగు వరుసలుగా సన్నని ఉక్కుతీగతో కుట్టుట ఆయన పద్ధతి. 1945లో ఆయన స్థాపించిన వైద్యశాలలో తిరగబెట్టేవారు నూటికి ఒక్కరికన్న తక్కువ. అంతగా అలవాటులేని చేతులలో అదే పద్ధతి అంత ఫలితం ఇవ్వలేదు.

బిగువే దోషమైతే, లాగకుండా అతుకు వేయరాదా? 1958లో అమెరికా శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ దారపు వలను ప్రవేశపెట్టినాడు. శరీరకణజాలం ఆ వల కన్నులలోనికి పెరిగి గోడను గట్టిపరుస్తుంది. 1984 నుండి లాస్ ఏంజిలిస్‌లో ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ బృందం ప్రతి రోగికీ వల వేయసాగింది. 1989లో ప్రకటించిన వేయి చికిత్సలలో, ఒకటి నుండి అయిదేండ్ల పరిశీలనలో, ఒక్కటీ తిరగబెట్టలేదు.

1990 తరువాత చిన్న రంధ్రాలగుండా దుర్భిణిగొట్టం పంపి, లోపలి వైపునుండి వల పరచే పద్ధతి వ్యాపించింది. దీనివల్ల నొప్పి తక్కువ; పనికి త్వరగా పోవచ్చును. కాని 2004లో అమెరికా మాజీసైనికుల వైద్యశాలలలో జరిగిన పోలికలో, రెండేండ్లలో తిరగబెట్టినవి ఈ పద్ధతిలో నూటికి 10.1, కోతపద్ధతిలో 4.9. ఆ పనిలో 250కి మించిన అనుభవం ఉన్న వైద్యుల చేతిలో మాత్రం, మొదటిసారి వచ్చిన హెర్నియాలలో, ఈ తేడా కనుపించలేదు.

తిరగబెట్టుట తగ్గిన కొలది మరొక బాధ గమనానికి వచ్చింది. సుమారు పదిమందిలో ఒకరికి గజ్జనొప్పి నెలల తరబడి, కొందరికి ఏండ్ల తరబడి నిలిచిపోతున్నది. కోతలో నాడులు దెబ్బతినుట ఇందుకొక కారణం. మరి బాధ పెట్టని హెర్నియాను కోయకుండా ఉంచరాదా? 720 మంది పురుషులపై జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో, వేచియున్నవారిలో అత్యవసరస్థితి ఏడాదికి వేయిమందిలో ఇద్దరికి మించలేదు. వేచియుండుట క్షేమమే అని తేలింది. కాని పదేండ్లు గడిచేసరికి వారిలో నూటికి 68 మంది, ముఖ్యంగా నొప్పివల్ల, శస్త్రచికిత్స చేయించుకొన్నారు. రెండేండ్ల లెక్క ఒకటి చెప్పగా, పదేండ్ల లెక్క దానికి మరొక మాట చేర్చింది.

ఖరీదైన వల బీదలకు అందుటెట్లు? మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న పట్టణంలో డాక్టరు రవీంద్రనాథ్ తోంగావ్‌కర్ దోమతెర గుడ్డనే శుద్ధిచేసి వాడినాడు. ఇతర వైద్యులతో కలిసి ఆ అనుభవాన్ని 2003లో ప్రకటించినాడు. 2016లో ఉగాండాలో 302 మంది పురుషులపై జరిగిన పరీక్షలో ఏడాది తరువాత దోమతెర వల పొందినవారిలో ఒక్కరికే తిరగబెట్టింది. ఖరీదైన వల పొందినవారిలో ఎవరికీ తిరగబెట్టలేదు. అంత స్వల్పమైన తేడాను యాదృచ్ఛికంగానే భావించాలి.

కనుక ఏ చికిత్స మేలని విన్నా విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఎందరిని చూచినారు? ఎన్నేండ్లు చూచినారు? ఎవరి చేతిలో? బస్సీని మొదటి రెండింటికి జవాబిచ్చినాడు. మూడవదాని విలువ ఆయన తరువాతి వారి అనుభవంలో తెలిసింది.