ప్యానిక్‌కి ముందు మరణ వాంగ్మూలం

మాది నగరి. చిత్తూరు జిల్లా వాళ్ళకి పరిచయం అక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలంటే తమిళనాడు సరిహద్దు పక్కన, మరమగ్గాల చప్పుడుతో నిద్రలేచే ఊరు. మా వీధిలో మగ్గం నడిపే మామ ఒకాయన ఉండేవాడు. పోగు తెగితే మగ్గం ఆపి, ముందు తెగిన చోటు వెతికేవాడు. "మళ్ళీ ఆన్ చేస్తే పోలా మామా?" అని నేనంటే, "యాడ తెగిందో చూడకుండా నడిపితే గుడ్డంతా పాడైపోతాదిరా" అనేవాడు.

కొన్ని రకాల మగ్గాల్లో ఈ పని మిషనే చేస్తుంది. ఒక్కో పడుగు పోగుకీ ఒక పల్చటి ఇనప రేకు వేలాడుతూ ఉంటుంది. పోగు తెగితే రేకు కిందికి జారుతుంది, మగ్గం ఆగుతుంది. జారిన రేకుని బట్టి ఏ పోగు తెగిందో తెలిసిపోతుంది.

ఊరికే ఆగడం వేరు, ఎందుకు ఆగిందో చెప్పి ఆగడం వేరు. ఈ తేడా నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకి గానీ బుర్రకెక్కలేదు. సీ లో రాసిన సర్వీసొకటి అర్ధరాత్రి పూట పడిపోయేది. లాగ్ తెరిస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించేది. నిజానికి అబార్ట్‌కి సరిగ్గా ముందు ఎర్రర్ లైను నేనే రాశాను. కానీ అది బఫర్‌లోనే ఉండిపోయి, ప్రాసెస్‌తో పాటే పోయేది! ఫైలుకి రాసే అవుట్‌పుట్ బఫర్‌లో ఆగుతుందనీ, అబార్ట్ దాన్ని ఫ్లష్ చేస్తుందన్న హామీ ఏమీ లేదనీ పుస్తకంలో చదివే ఉన్నా. చదవడం వేరు, క్లయింటు "ఎందుకు పడింది?" అని అడిగితే మూడు వారాలు నీళ్ళు నమలడం వేరు.

అసలు ఈ ప్యానిక్ ఎక్కణ్ణుంచి వచ్చింది? మల్టిక్స్ మీద పనిచేసిన టామ్ వాన్ వ్లెక్ ఒక ముచ్చట చెప్తాడు. తను రాసే కోడులో సగం తప్పుల్నించి కోలుకోడానికేనని ఆయన డెనిస్ రిచీతో అన్నాడట. యూనిక్స్‌లో మేము అదంతా తీసేశాం, ప్యానిక్ అని ఒక రొటీన్ ఉంది, అది పిలిస్తే మిషన్ పడిపోతుంది, రీబూట్ చెయ్యమని వరండాలోకి ఓ కేక వేస్తాం అన్నది రిచీ జవాబు సారాంశం. సోమరితనంలా కనిపిస్తుంది గానీ ఇందులో న్యాయం ఉంది. లోపల ఏదో చెడిపోయిందని తెలిశాక నడుస్తూ పోతే డిస్కు మీది డేటా కూడా చెడుతుంది. అంటే ఆగడమే మేలు. కాకపోతే కేక వినడానికి వరండాలో ఒక మనిషుండాలి, ఏమైందో అతనికి తెలియాలి.

ఇప్పుడు మా ఊరి వైపు రండి. మ్యాపు మీద నగరి నుంచి గీత గీస్తే శ్రీహరికోట వంద కిలోమీటర్ల లోపే. 2022 జిల్లాల విభజనతో అది తిరుపతి జిల్లాలోకి కూడా వచ్చింది. 1979 ఆగస్టు 10న అక్కణ్ణుంచి ఎస్.ఎల్.వి-3 మొదటిసారి లేచింది. మొదటి దశ బాగానే పనిచేసింది, రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లకి ప్రయాణం ముగిసి, 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడింది. రాకెట్ మునిగిపోయినా, ఎగిరినంతసేపూ టెలిమెట్రీ నేలకి డేటా పంపుతూనే ఉంది. తర్వాతి విశ్లేషణలో తేలిందేమిటంటే, లేవడానికి 8 నిమిషాల ముందు ఇచ్చిన కమాండుకి తెరుచుకున్న సోలినాయిడ్ వాల్వు, మలినం అడ్డుపడి మూసుకోలేదు. దాంతో నైట్రిక్ ఆమ్లం కారిపోయి, రెండో దశని అదుపు చేసే బలమే లేకుండా పోయింది.

అసలు కథ ఇంకా ఉంది. లేవడానికి ముందే కంప్యూటర్ "ఆగు" అంది. నిపుణులు ఫరవాలేదన్నారు, మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం కంప్యూటర్‌ని పక్కనపెట్టి ముందుకెళ్ళాడు. ఈ సంగతి ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. అంటే హెచ్చరిక వచ్చింది, చదివారు కూడా. పట్టించుకోలేదు, అంతే. తప్పేమిటో దొరికింది కాబట్టే 1980 జూలై 18న అదే ఎస్.ఎల్.వి-3 రోహిణిని కక్ష్యలో పెట్టగలిగింది.

దీనికి తిరగేసిన కథ 1996 జూన్ 4 నాటి ఏరియాన్ 5. ఇంజను వెలిగిన సుమారు 37 సెకన్లకి దాని దిశని లెక్కగట్టే యూనిట్‌లో 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టక ఎక్సెప్షన్ వచ్చింది. స్పెసిఫికేషన్ ప్రకారం ఎర్రర్ వివరాలు చెరిగిపోని మెమరీలో రాసుకుని ప్రాసెసర్ ఆగిపోయింది. శిథిలాల్లోంచి ఆ మెమరీ తీసి చదివారు కూడా. లాగింగ్ భేష్! కానీ అదే యూనిట్ ఆఖరి క్షణంలో బస్సు మీదికి పంపిన డయాగ్నస్టిక్ బిట్లని ప్రధాన కంప్యూటర్ నిజమైన ఫ్లైట్ డేటా అనుకుంది. దాన్ని నమ్మి ఇంజన్లని పక్కకి తిప్పేసింది, రాకెట్ ముక్కలైంది. అదే కోడుతో నడిచే బ్యాకప్ యూనిట్ అదే కారణంతో అంతకు క్షణం ముందే పోయింది.

కోర్టు భాషలో దీన్ని మరణ వాంగ్మూలం అనొచ్చు. చెప్పేవాడికి మాట్లాడే స్పృహ ఉండాలి, రాసుకునేవాడు వేరే మనిషైతే మేలు, విన్నవాడికి అది వాంగ్మూలమని తెలిస్తే ఇంకా మేలు. ప్రోగ్రాముకీ అంతే. చెడిపోయిన హీప్‌ని చావు ఘడియల్లో కొత్త మెమరీ అడక్కూడదు, చోటు ముందే తీసిపెట్టుకోవాలి. మెసేజ్ బఫర్‌లో ఆగకుండా నేరుగా బయటికి పోవాలి. వీలైతే తనతో పాటు పోని చోటికి పోవాలి. 2005లో లినక్స్ 2.6.13లోకి వచ్చిన కేడంప్ చేసేదిదే. పడిపోయిన కెర్నల్‌ని నమ్మకుండా, ముందే పక్కన పెట్టిన మెమరీలోంచి రెండో కెర్నల్‌ని లేపి, మొదటిదాని మెమరీని దానితో రాయిస్తారు.

ఇవాళ పడిపోయిన సర్వీసుని సెకన్లలో లేపే సాధనాలు బోలెడు. లేచింది కదా అని మనం లాగ్ చూడ్డం మానేశాం. నా సర్వీసు కూడా మూడు వారాలు అలాగే పడుతూ లేస్తూ నడిచింది. ఎర్రర్ లైను పక్కన ఒక్క ఫ్లష్ చేర్చాక, తెల్లారేసరికి కారణం దొరికింది. మామ మగ్గం పక్కన ఈ ముక్క ఎప్పుడో విన్నాను. అప్పుడే బుర్రకెక్కించుకుని ఉంటే మూడు వారాలు మిగిలేవి.