హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైల్వే స్టేషను సంకేతాలు

భారతీయ రైల్వేలలో ప్రతి స్టేషనుకు ఆంగ్ల అక్షరములతో కూడిన సంకేతము ఒకటి ఉన్నది. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం (హెచ్.యు.పి), పెనుకొండ (పి.కె.డి), ధర్మవరం (డి.ఎం.ఎం) స్టేషన్ల సంకేతాలు మూడేసి అక్షరాలవి. ఈ మూడు స్టేషన్లు బెంగళూరు - గుంతకల్లు రైలుమార్గంలో ఉన్నవి.

==నిర్మాణము==
ఈ మూడు సంకేతాలలోని అక్షరాలన్నీ ఆయా ఊర్ల ఆంగ్ల పేర్లలో అదే వరుసలో వచ్చును. ధర్మవరం పేరులో 'ఎం' రెండుమార్లు ఉన్నందున సంకేతంలోనూ రెండుమార్లు వచ్చినది. అన్ని సంకేతాలూ మూడక్షరాలవి కావు. పుట్టపర్తి సమీపంలోని శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను సంకేతం (ఎస్.ఎస్.పి.ఎన్) నాలుగు అక్షరాలది, గుత్తి సంకేతం (జి.వై) రెండక్షరాలదే.

==ఉమ్మడి అక్షరములు==
బెంగళూరు వైపు నుండి వచ్చు ప్రయాణికునికి ఈ స్టేషన్లు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అను క్రమంలో తగులును. ఈ క్రమంలో ఒక సంకేతపు చివరి అక్షరమే తరువాతి సంకేతానికి మొదటి అక్షరము. హిందూపురం చివరి 'పి' పెనుకొండకు, పెనుకొండ చివరి 'డి' ధర్మవరానికి మొదలు. అంత్యాక్షరి వలె గుర్తుంచుకొనవచ్చును.

==ఉపయోగము==
టిక్కెట్టు రిజర్వేషనులో సంకేతమే స్టేషనును నిర్ధారించును. ధర్మవరం, తమిళనాడులోని ధర్మపురి పేర్లు దగ్గరగా ఉన్నను, ధర్మపురి సంకేతం డి.పి.జె. నాగాలాండులోని దిమాపూర్ సంకేతం డి.ఎం.వి, ధర్మవరం సంకేతానికి ఒక్క అక్షరమే తేడా. కావున రుసుము చెల్లించుటకు ముందు మూడు అక్షరాలనూ సరిచూచుకొనుట మంచిది.