పెద్ద చెవి కట్టినోళ్లు

వేరే లోకాల్లో తెలివైనోళ్లు ఎవరైనా ఉన్నారా అని రేడియో టెలిస్కోపులతో వినే సంగతి ఈసారి ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం. నేను సైటు మనిషిని, నాకు ముందు కట్టినోళ్ల సంగతి కావాలి. అందుకే ఇది రాస్తున్నా.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డెలావేర్ అనే ఊరి దగ్గర బిగ్ ఇయర్ ఉండేది. అంటే పెద్ద చెవి. డిజైన్ జాన్ క్రౌస్ అనే ప్రొఫెసర్‌ది. కట్టింది ఎక్కువగా విద్యార్థులే, పార్ట్ టైమ్ పనిగా. 1956లో మొదలుపెట్టి 1963లో ఆన్ చేశారు. ఒక చివర 340 అడుగుల పొడవు, 100 అడుగుల ఎత్తు రిఫ్లెక్టర్. అది పైకీ కిందికీ వంగుతుంది, పక్కకి తిరగదు. ఎదురుగా వంపు గోడ, అది అసలు కదలదు. మధ్యలో నేలంతా అల్యూమినియం. పక్కకి తిప్పే ఖర్చు ఎందుకు, భూమే తిరుగుతోంది కదా! ఆకాశం దానంతటదే ముందుకొస్తుంది. ఇలాంటి డ్రాయింగ్ చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

1973 నుంచి దాంతో గ్రహాంతరవాసుల కోసం వినడం మొదలైంది. హైడ్రోజన్ పలికే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెట్టారు. ఏ లోకంలోనైనా హైడ్రోజన్ ఒకటే, పిలిచేవాళ్లు అక్కడే పిలుస్తారని లెక్క.

1977 ఆగస్టు 15 రాత్రి కంప్యూటర్ కాగితం మీద 6, ఇ, క్యూ, యు, జె, 5 అని పడింది. 12 సెకన్లకొక గుర్తు, మొత్తం 72 సెకన్లు. అంకెలు అయిపోయాక అక్షరాలు వాడేవాళ్లు. 'యు' అంటే మామూలు రొద కంటే 30 రెట్లు పైనే. కొన్ని రోజుల తర్వాత జెర్రీ ఎమన్ అది చూసి, ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన 'వావ్!' అని రాశాడు. ఆయన జీతం లేని వాలంటీర్.

ఆకాశంలో ఒక చోటు ఆ చెవి ముందు నుంచి దాటిపోవడానికి పట్టేదీ సరిగ్గా అంతే, 72 సెకన్లు. అందుకే అది పైనుంచి వచ్చిందనే నమ్మకం. కానీ చెవికి రెండు హారన్లు ఉండేవి. రెండిట్లో ఒక్కదాంట్లోనే వినబడింది. తర్వాత ఎన్నిసార్లు వెతికినా మళ్లీ దొరకలేదు.

స్థలం మాత్రం వాళ్లది కాదు. ఇంకో యూనివర్సిటీది. 1980ల మొదట్లో వాళ్లు అమ్మేశారు. విద్యార్థులు బిగించిన ఆ ఇనుమంతా 1998లో విప్పేసి, పక్కనున్న గోల్ఫ్ మైదానాన్ని పెద్దది చేశారు. ఎర్ర పెన్ను గీత ఉన్న కాగితం మాత్రం ఒహాయోలోనే భద్రంగా ఉంది.