స్టార్ట్ కాని చిన్న ఇంజన్: సంతోష్‌నగర్ రిపేరు విద్య

చిన్న పెట్రోల్ ఇంజన్ స్టార్ట్ కాకపోతే మెకానిక్ వెతికేవి మూడే: ప్లగ్‌లో కరెంటు వస్తోందా, కార్బురేటర్‌కు పెట్రోలు దిగుతోందా, సిలిండర్‌లో కంప్రెషన్ ఉందా. పిల్లల నాలుగు చక్రాల క్వాడ్ బైక్ మొరాయించినా వెతికే వరుస ఇదే. హైదరాబాద్ స్కూటర్, మోపెడ్ మెకానిక్‌ల చేతుల్లో ఇది అర్ధ శతాబ్దంగా నలుగుతోంది.

పాతబస్తీ వైపున్న సంతోష్‌నగర్‌లో ఈ పనికి గిరాకీ ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిధాని, రక్షణ ప్రయోగశాలలు పక్కనే కంచన్‌బాగ్‌లో ఉన్నాయి. ఉద్యోగుల కాలనీలు పెరిగాయి, వాటితోపాటు బండ్లూ పెరిగాయి. 1972లో లూనా, బజాజ్ చేతక్, 1980లో టీవీఎస్ 50 మార్కెట్లోకి వచ్చాయి. నగరంలోని ఆల్విన్ కంపెనీ పుష్పక్ స్కూటర్లను తయారుచేసింది. ఇవన్నీ టూ స్ట్రోక్ బండ్లే.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలుతుంది. ఆయిల్ పాళ్లు ఎక్కువైతే ప్లగ్ మొన నల్లగా మసిబారి, కరెంటు దూకాల్సిన సందు పూడిపోతుంది. మెకానిక్ ప్లగ్ విప్పి, మసి గీకి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ క్యాప్‌కు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టేవాడు. నీలి నిప్పు ఫట్‌మని దూకితే కరెంటు బాగున్నట్టు. ఎర్రగా, నీరసంగా వస్తే ప్లాటినం పాయింట్లు అరిగాయనో, కాయిల్ పోయిందనో అనుమానం. విప్పిన ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు ముంచేసినట్టు, కిక్ కొట్టీ కొట్టీ అలసినా ప్లగ్ పొడిగానే ఉంటే పెట్రోలే రానట్టు. కొలత పరికరాల అవసరం లేకుండా కన్ను, ముక్కు, కాలు చేసే ఈ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. కిక్ కొట్టేటప్పుడు కాలికి ఎదురు తగలకపోతే కంప్రెషన్ పోయినట్టు, తరచూ బండి బోర్‌కు, అంటే అరిగిన సిలిండర్‌ను తొలిపించే పనికి, వచ్చినట్టు.

ఎనభైల మధ్యలో విద్య ఒక మలుపు తిరిగింది. 1984లో సెల్ఫ్ స్టార్ట్‌తో కైనెటిక్ హోండా, 1985లో ఆర్‌ఎక్స్ 100, ఫోర్ స్ట్రోక్ హీరో హోండా సీడీ 100 వచ్చాయి. ప్లాటినం పాయింట్ల స్థానాన్ని క్రమంగా సీడీఐ పెట్టె ఆక్రమించింది. అది పోతే గీకడానికేమీ ఉండదు, మార్చడమే.

క్వాడ్ చరిత్ర వేరే దారిలో నడిచింది. 1982లో సుజుకీ నాలుగు చక్రాల బండిని అమ్మకానికి తెచ్చింది, కొద్దికాలానికే పిల్లల కోసం 50 సీసీ ఎల్‌టీ 50ని తయారుచేసింది. తర్వాత చైనా తయారీ 110 సీసీ చిన్న క్వాడ్లు ప్రపంచమంతా పాకాయి. వాటిలో ఎక్కువ ఇంజన్లకు మూలం 1958 నాటి హోండా కబ్ వంశం. సీడీ 100 ఇంజన్‌దీ అదే వంశం కాబట్టి సీడీ 100 విప్పిన చేతికి క్వాడ్ కొత్త కాదు.

అయితే క్వాడ్ రోగం వేరు. స్కూటర్ రోజూ తిరిగి అరిగేది, క్వాడ్ నెలల తరబడి మూలన పడి ఉంటుంది. నిలవ పెట్రోలు జిగురై కార్బురేటర్‌లోని స్లో జెట్ సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. అప్పుడు చోక్ వేస్తేనే బండి నిలబడుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. జెట్ విప్పి గాలి కొడితే చాలాసార్లు అంతటితో సరి. యాక్సిలరేటర్ నొక్కగానే చచ్చిపోతే మెయిన్ జెట్‌ను, మానిఫోల్డ్ దగ్గర గాలి లాగడాన్ని చూడాలి. కొన్ని నిమిషాలు నడిచి ఆగి, ట్యాంకు మూత తెరవగానే మళ్లీ అందుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడినట్టు. బటన్ నొక్కితే టక్‌మని చప్పుడు మాత్రమే వస్తే ముందు బ్యాటరీని, దాని టెర్మినళ్లను చూడాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రావడంతో కొత్త బైకుల్లో కార్బురేటర్ దాదాపు అంతరించి, ఇంజెక్షన్ వచ్చింది. చోక్, జెట్, సీడీఐల పాత విద్యకు మిగిలిన కొద్ది చోట్లలో పిల్లల క్వాడ్ ఒకటి.

ఆ విద్యలో ఒక అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు. స్కూటర్ స్విచ్ పాడైతే వైర్లు కలిపి 'డైరెక్ట్' చేయడం మామూలే. క్వాడ్‌లో స్టార్ట్ కాకపోవడానికి తరచూ కారణమయ్యే కిల్ స్విచ్, వెనుక తాడు స్విచ్, బ్రేక్ స్విచ్‌లు బిడ్డ పడిపోతే ఇంజన్ ఆపడానికో, బండి ఉన్నట్టుండి ఉరకకుండా చూడటానికో పెట్టినవి. స్విచ్ చెడితే మార్పించాలి, యాక్సిలరేటర్‌ను అదుపుచేసే స్క్రూను రిపేరు తర్వాత యథాస్థానంలో బిగించారో లేదో చూసుకోవాలి. బండిని డైరెక్ట్ చేసి ఇస్తే తల్లిదండ్రులు తీసుకోకూడదు.