ఇంటికి వచ్చిన కాఫీ మర

కాఫీ చరిత్ర చెప్పేవారు సాధారణంగా గింజతో మొదలుపెడతారు. పదిహేడవ శతాబ్దిలో బాబా బుడాన్ అనే ఫకీరు యెమెన్ దేశం నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు ప్రాంతపు కొండలపై నాటాడన్న ఐతిహ్యం మన శ్రోతలు చాలాసార్లు విన్నదే. తరువాత తోటలు, దొరలు, ఎగుమతులు, చివరకు వెండి గ్లాసులో నురుగు. ఈ రెంటికీ నడుమ గింజ పొడిగా మారే ఘట్టమొకటి ఉన్నది. దానిని చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటవేస్తారు. వంటింటి కష్టమంతా ఆ ఒక్క వాక్యంలోనే దాగి ఉన్నది గనుక దానిని కొంచెం విప్పి చూడడం అవసరమని నా అభిప్రాయం.

జనగామకు సమీపాన లింగాల ఘనపూర్ ఉన్నది. స్టేషన్ ఘనపూర్ వేరు, ఇది వేరు. 1886లో సికింద్రాబాదు నుండి వరంగల్లు వరకు రైలుమార్గం పడిన తరువాత ఆ ఊరు తన పేరులో స్టేషనును చేర్చుకున్నది. ఈ ఊరు లింగాలతోనే మిగిలింది. చిరకాలం వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో కొత్తగా ఏర్పడిన జనగామ జిల్లాలో చేరినది. జీడికల్లు రామచంద్రస్వామి ఆలయం ఈ మండలంలోనిదే. ఇటువంటి ఊరిలో విద్యుత్ కాఫీ మరను గురించి మాట్లాడడమేమిటని కొందరికి తోచవచ్చు. మరను గురించిన చరిత్ర ఇక్కడినుండి చూస్తేనే స్పష్టంగా కనిపిస్తుంది.

తీరాంధ్రులు తిరుగలి అనేదానిని ఇక్కడి వారు ఇసుర్రాయి అంటారు. రెండు గుండ్రని రాళ్ళు, నడుమ ఇరుసు, పైరాతికి ఒక పిడి, గింజ పోయడానికి ఒక కన్ను. ప్రపంచంలో ఈనాడు అమ్ముడుపోయే ఖరీదైన కాఫీ మరలన్నీ ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. గింజ రెండు గరుకు తలాల మధ్య చిక్కుకొని, కేంద్రం నుండి అంచుకు జరుగుతూ, ఎడం తగ్గేకొద్దీ సన్నబడి బయటికి రాలుతుంది. రాతి స్థానంలో ఉక్కు, చేతి స్థానంలో మోటారు వచ్చాయి. అంతే.

కాని ఆ చేయి ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. నిజాం పాలనలో జనగామ తాలూకా వెట్టిచాకిరికి పేరుమోసిన ప్రాంతం. గడీలలో ఊరి జనం చేత చేయించుకున్న ఇంటి చాకిరిలో దంచడం, విసరడం వంటి పనులు కూడా ఉండేవి. కూలి లేదు, వేళ లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి కావడం, ఆ తరువాత సాగిన రైతాంగ పోరాటం శ్రోతలు ఎరిగినవే. ఆ పోరాటాన్ని భూమి సమస్యగానే తలచుకోవడం మనకు అలవాటు. ఇసుర్రాయి పిడి పట్టిన స్త్రీల భుజాల నొప్పి కూడా అందులో ఒక భాగమని నేను అనుకుంటాను. గడీలో కాని వారు తమ ఇంట్లోనైనా తెల్లవారక ముందే లేచి విసరవలసినదే గదా!

ఆ భుజాలకు మొదటి విశ్రాంతి ఇచ్చినది గిర్ని. మొదట ఆయిలింజను మీద, తరువాత కరెంటు మీద పిండిమర నడిచింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన మీదట తీగలు పల్లెలవైపు సాగినవి. జొన్నలు, మిరపకాయలు, పసుపు గిర్నికి వెళ్ళాయి. కాఫీ మాత్రం వెళ్ళలేదు. మిరపకాయలు ఆడిన మరలో కాఫీ గింజలు పోస్తే ఏమగునో వేరే చెప్పనక్కరలేదు!

అసలు ఈ ప్రాంతంలో కాఫీ పరిచయమే ఆలస్యం. గోదావరి, కృష్ణా జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగాలు. అరవనాటి అలవాట్లతో పాటు ఫిల్టరు కాఫీ కూడా అటునుండి అక్కడికి చేరినది. హైదరాబాదు రాజ్యంలో ఇరానీ చాయ్‌ది రాజ్యం. అందుచేత విజయవాడ, రాజమహేంద్రవరం వంటి పట్టణాలలో గింజలు వేయించి ఎదుటనే పొడి కొట్టి ఇచ్చే దుకాణాలు వెలసినంతగా ఇటువైపు వెలయలేదు. తరువాత కాఫీ వచ్చినప్పుడు సీసాలలోని తక్షణపు పొడిగా వచ్చినది. 1938లో స్విట్జర్లాండులో నెస్కెఫే వెలువడిన నాటినుండి ప్రపంచమంతటా మర లేని కాఫీ ఒకటి పుట్టినది. తెలంగాణ వంటిళ్ళలో చాలావాటికి చేతిమర అనే మెట్టే లేదు. ఇసుర్రాయి నుండి ఒకేసారి విద్యుత్ మరకు దూకవలసి వచ్చినది.

ఆ మధ్య మెట్టు ఇతరచోట్ల ఎట్లున్నదో చూద్దాం. తురుష్కులు పొడుగాటి ఇత్తడి గొట్టంలో చిన్న మరను అమర్చి చేత్తో తిప్పేవారు. ఫ్రాన్సులో పేజో కుటుంబం 1840లో కాఫీ మరల తయారీ ప్రారంభించినది. మోటారు కార్ల పేజో ఆ తరువాతి సంగతి. చెక్కపెట్టె, పైన పిడి, క్రింద సొరుగు ఉన్న ఆ రకం ఐరోపా వంటిళ్ళలో స్థిరపడినది. మన దక్షిణాదిన బల్ల అంచుకు మరచుట్టుతో బిగించే ఇనుప మర వాడుకలోకి వచ్చినది. విద్యుత్తు మొదట తాకినది ఇంటి మరను కాదు, అంగడి మరను. 1890ల చివర అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో హోబర్ట్ సంస్థ కాఫీ మరకు మోటారు తగిలించినది. ఆ సంస్థలోనే పుట్టిన కిచెన్ ఎయిడ్ 1937లో ఇంటి విద్యుత్ కాఫీ మరను అమ్మకానికి పెట్టినది.

మన దేశంలో మలుపు 1963. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, విదేశీ మిక్సరు మన వంటలకు తాళలేకపోవడం చూచి, సుమీత్ మిక్సీని రూపొందించాడు. నానబెట్టిన మినుములు, ఎండు కొబ్బరి, పసుపుకొమ్ము తాళుకొనే యంత్రం అది. మన గృహిణి ఋణపడిన యంత్రాలలో దీనిని మొదటి వరుసలో చేర్చాలి. అయితే అన్నింటినీ నలిపే యంత్రం కాఫీనీ నలుపుతుందిలే అన్న ధీమా కూడా దానితోనే వచ్చినది. చిక్కు అక్కడే ఉన్నది.

మిక్సీ కత్తి గింజను విసరదు, కొడుతుంది. నిమిషానికి పదివేలకు మించిన చుట్లతో తిరుగుతూ ఎదురైన దానిని ముక్కలు చేస్తుంది. ఎదురుపడినది మళ్ళీ మళ్ళీ దెబ్బతిని దుమ్మవుతుంది. తప్పించుకున్నది రవ్వగా మిగులుతుంది. దుమ్ము ఫిల్టరు రంధ్రాలను పూడ్చి చేదును దింపుతుంది. రవ్వలో సారం సగం అట్లాగే ఉండిపోతుంది. ఒకే గిన్నెలో చేదూ, నీళ్ళదనమూ రెండూ కలసిన డికాక్షనుకు కారణమిదే. విసిరే మరలో చక్రాల ఎడం నిర్ణీతం కనుక పొడి చాలావరకు ఒకే పరిమాణంలో వస్తుంది. చక్రం నెమ్మదిగా తిరుగుతుంది గనుక వేడి కూడా తక్కువ.

పొడి చేసిన వెంటనే వాడమనడానికి లెక్క ఒకటి ఉన్నది. ఒక ఘనాన్ని ప్రతి దిశలోనూ పది భాగాలుగా కోస్తే వేయి చిన్న ఘనాలు వస్తాయి. వాటి ఉపరితలం మొదటిదానికి పది రెట్లు. గాలి తగిలే చోటు పెరిగినకొద్దీ సువాసన ఎగిరిపోవడం పెరుగుతుంది. గింజలో వారాలపాటు నిలిచే పరిమళం పొడిలో రోజులలోనే సన్నగిల్లుతుంది.

ఇక కొనేవారి మాట. అంకెలు, బొమ్మలు చూచి మోసపోవద్దు. కత్తి రకమా, చక్రాల రకమా అన్నది మొదట అడగండి. చక్రాల రకమైతే ఎడం సరిదిద్దే మెట్లు ఉన్నవా, చక్రం చేతితో ఊడదీసి కుంచెతో తుడిచే వీలున్నదా చూడండి. పాతపొడి జిడ్డు పేరుకుంటే కొత్త గింజకు ముక్కవాసన పడుతుంది. వాటేజి ఎక్కువైతే మంచిదన్న భ్రమ వద్దు. నూట యాభై వాట్ల మర రోజుకొక నిమిషం తిరిగినా నెలకు యూనిటులో పదవ వంతు కూడా కాలదు. నలుగురికి ముప్పై, నలభై గ్రాముల పొడి చాలు గనుక పెద్ద పాత్ర కూడా అనవసరం. లింగాల ఘనపూర్ వంటి ఊళ్ళలో ఉన్నవారు మాత్రం మరొక ప్రశ్న వేయాలి: ఇది చెడితే జనగామలో బాగుచేసేవారున్నారా, హైదరాబాదు మోసుకుపోవాలా? నా మటుకు నేను ఈ ప్రశ్నకే అన్నింటికంటె ఎక్కువ విలువ ఇస్తాను. మర కొనలేని వారు చింతించనక్కరలేదు. మిక్సీలోనే చిన్న జారులో కొద్ది గింజలు వేసి, ఆపి ఆపి తిప్పి, నడుమ నడుమ జారును కుదిపితే పని చాలావరకు జరుగుతుంది.

చికోరీ వేరు వేయించినా తేమ పీల్చుకుంటుంది. మరలో పోస్తే చక్రాలకు జిగురులా పట్టుకుంటుంది. దానిని పొడిగానే కొని కలుపుకోవాలి. బజారు పొడి కొనేటప్పుడు పొట్లంపై అచ్చువేసిన పాలు చదవండి. మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదని చట్టం. కొందరికి పడమటి కొండల గింజే గింజ. 1898లోనే తూర్పు కనుమలలోని పాములేరు లోయలో కాఫీ నాటినారని, 1920ల నాటికి అది అరకు లోయకు పాకినదని వారికి గుర్తుచేయవలసి ఉన్నది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1942 నాటి కాఫీ చట్టం క్రింద పంటంతా కాఫీ బోర్డు ద్వారానే అమ్ముడయ్యే పద్ధతి చాలాకాలం సాగినది. 1996లో రైతుకు పూర్తి స్వేచ్ఛ వచ్చిన తరువాతనే ఫలానా లోయ గింజ అని అడిగి తెచ్చుకొనే వీలు మనకు పెరిగినది.

గింజ తెచ్చి, మర కొన్న తరువాత సరిచూచుకోవడం సులభం. ఫిల్టరులో పొడి వేసి, మరిగిన నీరు పోసి, గడియారం చూడండి. రెండు మూడు నిమిషాలలోనే అంతా దిగిపోతే పొడి ముతక, ఒక మెట్టు బిగించండి. అరగంటకు కూడా దిగక పైన నిలిచిపోతే మరీ సన్నం, ఒక మెట్టు వదులు చేయండి. పావుగంటకు అటూ ఇటూ చుక్క చుక్కగా పడుతున్నదంటే, ఆ మెట్టు మీద పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకోండి.