డేటాబేస్ వాకిట్లో క్యూ

తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ప్రకటించిన తేదీన ఉదయం పది గంటలకు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. పది కొట్టకముందే తిరుపతి నెట్ సెంటర్ల నుంచి, అర్ధరాత్రి కావస్తున్నా నిద్ర ఆపుకుని కూర్చున్న డల్లాస్ తెలుగువాళ్ల వరకూ అందరూ ఫోన్లు పట్టుకుని సిద్ధం. ఇంత తాకిడికి ప్రోగ్రాములు ఎందుకు కూలిపోతాయి? కూలకుండా ఆపే ఉపాయం ఎవరికి, ఎలా తట్టింది?

జనం ఎక్కువై కూలిందని అందరూ అనుకుంటారు. కానీ చాలాసార్లు ప్రాణం తీసేది కనెక్షన్. ప్రోగ్రాం డేటాబేసును ఒక్క మాట అడగాలన్నా ముందు నెట్‌వర్క్‌లో లైను కలవాలి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిచూడాలి, ఆ కనెక్షన్ కోసం కొంత మెమరీ కేటాయించాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే కనెక్షన్‌కొక ప్రాసెస్‌నే పుట్టిస్తుంది. అడిగిన పని మిల్లీసెకనులో తేలేదైనా ఈ ఏర్పాట్లకే అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే డేటాబేసులు హద్దు పెట్టుకున్నాయి. సెట్టింగులు ముట్టుకోకపోతే మైఎస్‌క్యూఎల్‌కు 151, పోస్ట్‌గ్రెస్‌కు 100. దాటితే ‘టూ మెనీ కనెక్షన్స్’ లాంటి మాటతో వెనక్కి పంపేస్తాయి.

నిజానికి ఈ చిక్కును పాతతరం ఎప్పుడో విప్పింది. అమెరికాలో కరెంటు, గ్యాసు కంపెనీల కోసం మొదలైన ఐబీఎం వారి సీఐసీఎస్ అనే సాఫ్ట్‌వేర్ 1969లో మార్కెట్లోకి వచ్చింది. వందల టెర్మినళ్ల నుంచి వచ్చే పనులను అది మధ్యలో నిలబడి అందుకునేది, వరుసలో పెట్టి కొద్దికొద్దిగా లోపలికి పంపేది. మన రైల్వే రిజర్వేషన్లదీ అలాంటి దారే. 1985లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్‌ను దేశమంతా కలిపిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1990ల మధ్యలో మొట్టమొదట సికింద్రాబాదులోనే నడిచింది. 1999 నాటికి అయిదు రిజర్వేషన్ కేంద్రాలూ ఒక్కటయ్యాయి. అక్కడ కూడా కౌంటరుకూ డేటాకూ నడుమ లావాదేవీలను దారిలో పెట్టే పొర ఒకటి ఉండేది. మన నేల మీద జరిగిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాత వెబ్ వచ్చింది, ఆ పాఠం మరుగున పడింది. 1993లో వచ్చిన సీజీఐ పద్ధతిలో ఎవరైనా పేజీ అడిగితే ఒక ప్రోగ్రాం పుడుతుంది, డేటాబేస్ కనెక్షన్ తెరుస్తుంది, జవాబిచ్చి చనిపోతుంది. పదిమంది వచ్చే సైటుకు ఇది చాలు. పదివేల మంది వస్తే తెరవడం, మూయడంతోనే సర్వరుకు ఊపిరి ఆడదు. దాంతో 1990ల చివరికి కనెక్షన్ పూల్ మామూలు సరుకైంది. ప్రోగ్రాములను డేటాబేసులతో కలిపే ఓడీబీసీలో, జావా జేడీబీసీలో చేరింది. కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి ఉంచుతారు. పనిబడ్డ ప్రోగ్రాం ఒకటి తీసుకుంటుంది, పని అవగానే తిరిగిచ్చేస్తుంది. అన్నీ వాడకంలో ఉంటే ఆగుతుంది. 2007లో స్కైప్ ఇంజనీర్లు పోస్ట్‌గ్రెస్ కోసం పీజీబౌన్సర్ అనే మధ్యవర్తిని తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత ఎదురైంది. పూల్ ఎంత పెద్దదైతే అంత మేలని అందరూ నమ్మేవారు. ఒరాకిల్ వాళ్లు ఒక ప్రదర్శనలో వేరే ఏదీ మార్చకుండా పూల్‌ను 2048 నుంచి 96కు కుదించి చూపించారు. జవాబుకు పట్టే సమయం దాదాపు 100 మిల్లీసెకన్ల నుంచి 2కు దిగింది. ప్రాసెసరులో ఉన్న కోర్లకు మించి పనులు లోపల తోసుకుంటుంటే ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని అందుకోవడంలోనే కాలం కరిగిపోతుంది. జావాలో బాగా వాడే హికారిసీపీ పూల్‌కు మొదట ఉండే హద్దు పదే.

తిరుపతి వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చేసే పని ఇదే. కంపార్ట్‌మెంట్లు నిండి క్యూ శిలాతోరణం దాకా పాకినా సన్నిధిలోకి వెళ్లేది గుడి పట్టినంత మందే. 2021 సెప్టెంబరులో, కోవిడ్ రోజుల్లో తిరుపతి శ్రీనివాసం సముదాయం దగ్గర గుంపులు చేరకుండా సర్వదర్శనం టోకెన్లను ఆన్‌లైన్‌కు మార్చారు. ఇప్పుడు టికెట్ల సైటు తెరిస్తే ముందు కనిపించేది వర్చువల్ క్యూ. మీ వంతు రావడానికి ఇన్ని నిమిషాలని చెప్పి బయటే ఆపుతుంది.

అయితే తీసుకున్న కనెక్షన్‌ను తిరిగివ్వని ప్రోగ్రాంను ఏ క్యూ కాపాడలేదు. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర నేను చూసింది అదే. జూన్‌లో తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడి ఉంటే మధ్యాహ్నం దాటాక కాటా ప్రోగ్రాం చీటీ ఇవ్వడం మానేసేది. “మళ్లా ఆగిపోయిందినా, పొద్దున బాగానే ఉండింది” అనేవాడు కాటా దగ్గర కుర్రాడు. మూసి మళ్లీ తెరిస్తే నడిచేది. అందుకే జబ్బేమిటో ఎవరూ వెతకలేదు. ఎండలో కాయ మెత్తబడుతుంటే రైతు మాత్రం బండి పక్కనే నిలబడాలి.

అక్కడ వాడే మైఎస్‌క్యూఎల్‌లో, తెరిచి ఉన్న కనెక్షన్లను చూపించే ‘షో ప్రాసెస్‌లిస్ట్’ కొట్టగానే గుట్టు తెలిసిపోయింది. తెర నిండా ‘స్లీప్’, అంటే పనిలేకుండా తెరిచి ఉన్న కనెక్షన్ల వరుసలే. నిండు బండి తూకానికొకటి, ఖాళీ బండి తూకానికొకటి, ప్రోగ్రాం ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తోంది, ఒక్కటీ మూయడం లేదు. డెబ్బై అయిదు బండ్లు దాటితే 151 ముట్టినట్టే. పనిలేని కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఎనిమిది గంటలకు తనే తెంచేస్తుంది. రాత్రి బండ్లు తగ్గేవి కాబట్టి పొద్దున్నకు అంతా బాగున్నట్టు కనిపించేది. సీజను కాని నెలల్లో ఎనిమిది గంటల్లో అన్ని బండ్లు రావు కాబట్టి తప్పు బయటపడేదే కాదు.

మరమ్మతుకు కొద్ది లైన్లు చాలాయి. తూకం సరిగ్గా పడినా, మధ్యలో పొరపాటు వచ్చినా కనెక్షన్ మూసే తీరాలని రాయడం, రోజంతటికీ ఒక చిన్న పూల్ పెట్టడం. పూల్ పెట్టి తిరిగివ్వడం మరిస్తే అందులోని కొద్ది కనెక్షన్లూ ఇంకా తొందరగా అయిపోతాయి. హికారిసీపీలో దానికీ ఒక కాపలా ఉంది. తీసుకున్న కనెక్షన్ గడువులోగా తిరిగి రాకపోతే దాన్ని కోడ్‌లో ఎక్కడ తీసుకున్నారో లాగ్‌లో రాస్తుంది. మనం గడువు పెడితే తప్ప అది పనిచేయదు. తొలి కాయ కోతకు రాకముందే పెట్టుకోవాలి.